మీ ఊళ్లో పండగ అయిపోయిందా?

మా కాలనీలో తెలుగు కుటుంబాలు ఆరే. ఒకరి నాన్నగారు సీఆర్‌పీఎఫ్, ఒకరి అమ్మగారు బ్యాంకు, ఇద్దరి నాన్నగార్లు రైల్వే, ఒకరిది తపాలా శాఖ, ఒకరిది టెలిఫోన్లు. మాలో ఎవరూ బస్తర్‌లో పుట్టలేదు. ఎవరూ ఇక్కడ ఉండిపోరు కూడా. మూడేళ్లో నాలుగేళ్లో ఉంటాం, ఆర్డరు రాగానే సామాన్లు సర్దుకుని వెళ్లిపోతాం. ఈ వ్యాసం ఎవరో ఒకరి పేరుతో కాకుండా అందరం కలిసి రాస్తున్నాం. ఎందుకంటే ఇందులో చెప్పబోయే తప్పు కూడా అందరం కలిసే చేశాం.

పోయిన ఉగాదికి పచ్చడిలోకి మామిడికాయలు కావాల్సి వచ్చాయి. జగదల్‌పూర్ బజార్లో కాయలు దొరుకుతున్నాయి. కానీ చెట్టు కింద నిలబడి దోటితో కోసుకోవడంలో ఉన్న సరదా బజార్లో ఎక్కడుంది? కాలనీ వెనక పొలాలు దాటితే ఒక చిన్న పల్లె. ఆ పల్లె మొదట్లో పెద్ద మామిడిచెట్టు, కొమ్మ కొమ్మకూ పిందెలు. చుట్టూ కంచె లేదు, కాపలా లేదు. మేం ఏడుగురం వెళ్లాం. పావుగంటలో సంచి సగం నిండింది.

అప్పుడొచ్చాడు ఒక తాత. భుజాన గొడ్డలి, తలకు తువ్వాలు. తిడతాడనుకుని పరుగుకు సిద్ధమయ్యాం. తాత తిట్టలేదు. సంచిలోకి చూసి, హిందీలో నెమ్మదిగా అడిగాడు: "మీ ఊళ్లో పండగ అయిపోయిందా?"

"ఇవాళే మా పండగ తాతా" అన్నాం.

"మీకు అయింది. ఈ చెట్టుకు ఇంకా కాలేదు" అన్నాడు.

అంతే, ఇంకేమీ అనలేదు. మేం కాయలన్నీ చెట్టు మొదట్లో పెట్టేసి ఇంటికొచ్చాం. సంగతి విని అమ్మావాళ్లు బజారు నుంచి తెప్పిస్తామన్నారు. ఎందుకో మాకే వద్దనిపించింది. ఆ ఏడు మా ఉగాది పచ్చడిలో వగరు లేదు. ఐదు రుచులతోనే సరిపెట్టుకున్నాం.

మర్నాడు మా కాలనీలో పనికి వచ్చే దాయీని అడిగితే అసలు విషయం చెప్పింది. ఇక్కడి గోండు పల్లెల్లో మర్కా పండుమ్ అని ఒక పండగ ఉంది. గోండీలో మర్కా అంటే మామిడి, పండుమ్ అంటే పండగ. మన 'పండుగ'కు ఈ మాట ఎంత దగ్గరగా ఉందో చూడండి. ఆ రోజు కొత్త కాయను ముందు ఊరి దేవతలకు, చనిపోయిన పెద్దలకు పెడతారు. ఆ తర్వాతే మనుషులు తింటారు. అంతవరకు ఎంత ఆకలేసినా, కాయ ఎంత ఊరించినా కోయరు. విత్తనాలకు విజ్జా పండుమ్ ఉంది. కొత్త వడ్లకూ ఒక పండగ ఉంది. ఏది కొత్తగా చేతికొచ్చినా ముందు అడగాలి, పంచాలి, ఆ తర్వాత తినాలి.

ఇదేదో మనకు తెలియని లోకం అనుకోకండి. మన అరకు, పాడేరు కొండల్లో కూడా గిరిజనులు 'మామిడి కొత్త' చేసుకుంటారు. ఆ 'కొత్త' అయ్యేదాకా మామిడికాయ ముట్టరు. మాలో ఒకరి అమ్మమ్మగారిది ఆ వైపే. "నీకు తెలియదా?" అని మేం అడిగితే, "తెలుసు. కానీ అది అక్కడి నియమం అనుకున్నాను" అన్నాడు. ఆ జవాబు దగ్గరే మా ఆలోచన మొదలైంది. నియమం ఊరితో పాటు మారిపోతుందా? మరి మూడేళ్లకో ఊరు మారే మనలాంటి పిల్లలకు ఏ నియమం వర్తిస్తుంది?

బస్తర్‌లో ఇలాంటి కట్టుబాట్లు ఇంకా చాలా ఉన్నాయి. తాబేలు గోత్రం వాళ్లు తాబేలును చంపరు, తినరు. నాగు గోత్రం వాళ్లు పాము జోలికి పోరు. ఒకే గోత్రం వాళ్లు అన్నాచెల్లెళ్ల లెక్క కాబట్టి వాళ్ల మధ్య పెళ్లి కుదరదు. ఇవన్నీ ఒక పుస్తకంలో లేవు. చెట్టు కింద నిలబడ్డ తాత నోట్లో ఉన్నాయి. అందువల్ల వీటికి ఒక బలహీనత కూడా ఉంది. తాతలు పోతే నియమాలూ పోతాయి. ఈ భయంతోనే గోండు సమాజంలోని కొందరు చదువుకున్నవాళ్లు తమ ధర్మాన్ని 'కోయా పునెమ్' అనే పేరుతో పుస్తకాల్లోకి ఎక్కించారు. నాగపూర్‌కు చెందిన మోతీరావణ్ కంగాలీ అలాంటి పుస్తకాలు రాసినవారిలో ముఖ్యులు. వాళ్లు పహందీ పారీ కుపార్ లింగోను తమ మొదటి గురువుగా చెప్పుకుంటారు. ఇద్దరు గోండులు ఎదురుపడితే చెప్పుకునే 'జై సేవా' అనే పలకరింపు మీరూ వినే ఉంటారు.

రాసిపెట్టుకుంటే సరిపోతుందా? ఇలాంటి పనే చేసిన మరో చోటు గురించి చెప్పాలి. అది చాలా దూరం, కానీ రోజూ మన నోట్లో ఉంటుంది. టైంటేబుల్‌లో వెన్స్‌డే, థర్స్‌డే, ఫ్రైడే అని రాసుకుంటాం కదా. ఓడిన్, థోర్, ఫ్రిగ్ అనే పాత ఉత్తర యూరప్ దేవతల పేర్ల నుంచి వచ్చిన రోజులవి. వెయ్యేళ్ల క్రితం ఐస్‌లాండ్ క్రైస్తవం తీసుకున్నాక ఆ దేవతల పూజ ఆగిపోయింది. 1972లో అక్కడ కొద్దిమంది కలిసి దాన్ని మళ్లీ మొదలుపెట్టారు. వాళ్ల పెద్ద స్వేన్‌బ్యోర్న్ బేన్‌టేన్సన్ అనే రైతు, కవి కూడా. మరుసటి ఏడాదే ప్రభుత్వం వాళ్లను గుర్తించింది.

అయితే ఒక చిక్కు వచ్చింది. పాత దేవతల కథలు మిగిలాయి కానీ, ఏది చేయాలి, ఏది చేయకూడదు అని చెప్పే తాతలు మిగల్లేదు. దాంతో 1970లలో ఇంగ్లిష్ మాట్లాడే దేశాల్లోని కొందరు పాత కావ్యాలు, కథలు వెతికి తొమ్మిది గుణాల పట్టిక తయారుచేసుకున్నారు. ధైర్యం, సత్యం, గౌరవం, విశ్వాసం, క్రమశిక్షణ, ఆతిథ్యం, శ్రమ, స్వావలంబన, పట్టుదల. చదివి మాకు నవ్వొచ్చింది. ఈ పట్టికను మన బడి వరండాలో రాసిపెడితే, ఇది ఉత్తర యూరప్ దేవతలదని ఎవరూ కనిపెట్టలేరు. ఎవరూ కాదనలేని మాటలు ఇవి. అందుకే ఎవరినీ ఆపలేని మాటలు కూడా.

నిజంగానే ఆపలేకపోయాయి. ఆ దేవతల పేరు చెప్పుకుని కొందరు తెల్లజాతి గొప్పతనం గురించి మాట్లాడటం మొదలుపెట్టారు. వాళ్లూ ధైర్యం అన్నారు, గౌరవం అన్నారు, విశ్వాసం అన్నారు. అదే పట్టిక! చివరికి 2016లో అనేక దేశాల్లోని ఇలాంటి సంఘాలు కలిసి, జాతి వివక్ష చూపేవాళ్లతో తమకు సంబంధం లేదని ఒక ప్రకటన చేశాయి. దాని పేరు '127వ ప్రకటన'. హావమాల్ అనే పాత ఐస్‌లాండ్ కావ్యంలో తప్పు కనిపిస్తే నోరు విప్పాలని చెప్పే పద్యం సంఖ్య అది. తొమ్మిది గుణాల పట్టిక చేయలేని పనిని, నోరు విప్పమన్న ఒక్క మాట చేసింది.

ఇక మా అభిప్రాయం చెప్తాం. నీతికి పట్టిక కన్నా ముఖ్యమైనది అడిగే చోటు. తప్పు చేసినవాణ్ణి, వాడు ఎంతవాడైనా సరే, అందరి ముందూ "ఎందుకు చేశావు?" అని అడగగలిగే చోటు ఉంటేనే నియమం బతుకుతుంది. లేకపోతే అది గోడ మీద రంగు.

అలాంటి చోటు బస్తర్‌లో ఉంది. జగదల్‌పూర్ నుంచి రాయపూర్ వెళ్లే దారిలో కేశ్‌కాల్ ఘాట్ వస్తుంది. బస్సు మలుపులు తిరుగుతుంటే మనలో సగం మంది కిటికీ పక్క సీటు కోసం కొట్టుకుంటాం, అదే. అక్కడ భంగారామ్ దేవి గుడి ఉంది. ఏటా భాద్రపదంలో అక్కడ జాతర జరుగుతుంది. చుట్టుపక్కల పల్లెలన్నీ తమ దేవుళ్లను మోసుకుని వస్తాయి. పూజ కోసమే కాదు, విచారణ కోసం! మొక్కులు తీసుకుని ఊరిని కాపాడని దేవుడి మీద, జబ్బులు వచ్చినా పంటలు పోయినా పట్టించుకోని దేవుడి మీద ఊరివాళ్లు ఫిర్యాదు చేస్తారు. భంగారామ్ దేవి న్యాయాధికారి. తప్పు రుజువైతే దేవుడికి శిక్ష పడుతుంది. ఆ దేవుణ్ణి గుడి దగ్గరే బయట వదిలేసి వెళ్లిపోతారు. మళ్లీ బాగుపడి మేలు చేస్తానంటే తిరిగి తీసుకెళ్లే దారీ ఉంది.

మొదటిసారి విన్నప్పుడు మాకు తమాషాగా అనిపించింది. తర్వాత ఆలోచిస్తే భయం వేసింది. దేవుణ్ణే నిలబెట్టి అడిగే ఊరు, మామిడికాయలు కోసిన మమ్మల్ని ఎంత మెత్తగా అడిగింది!

దసరా సంగతి చూడండి. బస్తర్ దసరా 75 రోజుల పండగ. మనకు తెలిసిన రాముడు, రావణుడు ఇందులో కనిపించరు. ఇది దంతేశ్వరీ దేవి పండగ. ఓరుగల్లు కూలిపోయాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ఇటు వచ్చి ఈ రాజ్యం స్థాపించాడని, ఆ దేవి అతనితో వచ్చిందని చెబుతారు. అంటే ఇక్కడికి వచ్చిన మొదటి తెలుగువాళ్లం మనం కాదు! ఆ వంశపు రాజు కూడా తన ఇష్టం వచ్చినట్లు పండగ మొదలుపెట్టకూడదు. కాఛిన్ గాది అనే రోజున ముళ్ల ఊయల మీద ఒక చిన్న ఆడపిల్లను కూర్చోబెడతారు. ఆ పిల్ల దేవతగా అనుమతి ఇస్తేనే దసరా జరుగుతుంది. ఆ పండగలోనే మురియా దర్బార్ అనే సభ ఉంటుంది. 1876లో మురియాలు రాజ్యపు అధికారుల అన్యాయాల మీద తిరగబడ్డారు. ఆ ఏడాది నుంచే ఈ సభ నడుస్తోంది. అప్పుడు రాజు వినేవాడు, ఇప్పుడు ముఖ్యమంత్రి వస్తున్నారు. పల్లెల నుంచి వచ్చిన మాంఝీలు, చాల్కీలు నిలబడి తమ కష్టాలు చెప్పుకుంటారు.

మన తెలంగాణలో కూడా ఇలాంటిదే ఉంది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీమ్ చనిపోయాక, గోండుల కష్టాలు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమెన్‌డార్ఫ్ అనే పరిశోధకుణ్ణి పంపింది. ఆ దశాబ్దంలోనే కేస్లాపూర్ నాగోబా జాతరలో దర్బార్ మొదలైంది. ఈ రెండు సభలూ ఎవరి దయ వల్లా రాలేదు. ముందు జనం తిరగబడ్డారు, ఆ తర్వాతే వినే చోటు ఏర్పడింది. అడిగే చోటు లేనప్పుడు ఏమవుతుందో ఈ రెండు కథలూ చెబుతున్నాయి.

ఇంతవరకూ చదివి 'బస్తర్‌లో అన్నీ బంగారమే' అని మేం అంటున్నామనుకోకండి. భంగారామ్ దేవి జాతరకు ఆడవాళ్లను రానివ్వరు. ఇది తెలిసినప్పుడు మాలోని ముగ్గురు అమ్మాయిలూ ఈ వ్యాసం రాయడం ఆపేస్తామన్నారు. "దేవుళ్లను కూడా అడిగే కోర్టులో మమ్మల్ని అడగనివ్వకపోతే అదేం కోర్టు?" అన్నారు. అబ్బాయిలు "అది వాళ్ల ఆచారం, మనం బయటివాళ్లం" అన్నారు. రెండు రోజులు ఈ గొడవే. ఒకచోట ఆడపిల్ల ఒప్పుకుంటేనే పండగ మొదలవుతుంది, ఇంకోచోట ఆడవాళ్లు అడుగు పెట్టకూడదు. రెండూ ఈ నేల మీదే ఉన్నాయి.

చివరికి మేం ఒప్పుకున్నది ఇది. బయటివాళ్లం కాబట్టి తీర్పు చెప్పే హక్కు మనకు లేదు. కానీ బయటివాళ్లం కాబట్టి ప్రశ్న లేదని కాదు. దేవుణ్ణి ప్రశ్నించే ధైర్యం ఉన్నవాళ్లు ఈ ప్రశ్నను కూడా వినగలరని మా నమ్మకం. ఆ ప్రశ్న వేయాల్సింది ఆ పల్లెల అమ్మాయిలు. వాళ్లలో కొందరు మన తరగతుల్లోనే మన పక్కన కూర్చుంటున్నారు. మనం చేయగలిగింది, వాళ్లు మాట్లాడితే వినడం.

ఇక మన సంగతి. బదిలీల పిల్లలం మనం ఎక్కడికి వెళ్లినా అతిథులమే. హావమాల్ మొదట్లో కూడా అతిథి మాటే ఉంటుందట. తలుపు దాటేముందు చుట్టూ చూసుకోవడం, వచ్చినవాడికి నిప్పు, నీళ్లు, తిండి చూడటం, ఎక్కువ రోజులు ఉండిపోయి బరువు కాకపోవడం. చలిదేశం వాళ్లు వందల ఏళ్ల క్రితం చెప్పుకున్న ఈ సంగతులు మనకోసమే అన్నట్లున్నాయి. అతిథికి మర్యాద చేయాలని మన బడిలో ఎప్పుడూ చెబుతారు. అతిథిగా వెళ్లినవాడు ఎలా ఉండాలో మాత్రం చెప్పరు. మనకు కావాల్సింది ఆ రెండోదే.

"మన ఊరు కాదు కదా" అనే మాట మనకు చాలా తేలిగ్గా అలవాటైపోతుంది. మన ఊరు కాదు కదా అని నీళ్లు వృథా చేస్తాం. మన ఊరు కాదు కదా అని హల్బీ, గోండీ మాటలు నేర్చుకోం. మన ఊరు కాదు కదా అని చెట్టు ఎవరిదో అడగం. అలా ప్రతి ఊరూ మన ఊరు కాకుండా పోతే, చివరికి మనకు ఏ ఊరి నియమమూ మిగలదు. మా భయం అదే. నియమం లేకపోవడం స్వేచ్ఛలాగే కనిపిస్తుంది. కానీ మనల్ని ఆపి "మీ ఊళ్లో పండగ అయిపోయిందా?" అని అడిగే తాత ఎక్కడా లేకపోతే, మనం ఎక్కడికీ చెందనివాళ్లమే కదా.

కేస్లాపూర్ జాతరలో ఒక చక్కని పద్ధతి ఉంది. దాన్ని భేటింగ్ అంటారు. మెస్రం వంశంలోకి వచ్చిన కొత్త కోడళ్లను నాగోబాకు పరిచయం చేస్తారు. కొత్తగా వచ్చినవాళ్లు ఎవరో అక్కడి దేవుడికి తెలియాలి, అక్కడి దేవుడు వాళ్లకు తెలియాలి. మనకు బడిలో చేరినప్పుడు టీసీ చూస్తారు, ఫీజు కట్టించుకుంటారు, యూనిఫాం చెబుతారు. ఈ ఊరు ఎలాంటిదో, ఇక్కడ ఏది చేయకూడదో ఎవరూ చెప్పరు.

అందుకని మేం రెండు పనులు అడుగుతున్నాం. మొదటిది, కొత్తగా చేరిన పిల్లలకు మొదటి వారంలోనే ఇక్కడి పిల్లలే ఒక గంట ఈ ఊరి గురించి చెప్పాలి. ఏ చెట్టు ఎవరిది, ఏ పండగ ఎప్పుడు, ఏ మాటకు ఎవరికి కోపం వస్తుంది. పెద్దవాళ్ల ఉపన్యాసం వద్దు, పిల్లలే చెప్పాలి. రెండోది, ఏడాదికి ఒక రోజు అడిగే సభ పెట్టాలి. మన మురియా దర్బార్ అనుకోండి. ఆరో తరగతి పిల్ల పదకొండో తరగతి అన్నను, అందరూ కలిసి మానిటర్లను, అవసరమైతే సార్లను, మేడమ్‌లను కూడా మర్యాదగా ప్రశ్నించవచ్చు. జవాబు చెప్పినవాళ్లకు చప్పట్లు. తప్పు ఒప్పుకున్నవాళ్లకు ఇంకా పెద్ద చప్పట్లు. ఉదయం ప్రార్థన తర్వాత మనం రోజూ చెప్పే ప్రతిజ్ఞకు అప్పుడు ప్రాణం వస్తుంది.

"మర్కా పండుమ్ తర్వాత ఏమైంది?" అని అడుగుతారేమో. ఒకరోజు దాయీ పని అయిపోయాక వెళ్లకుండా గుమ్మంలో నిలబడింది. కొంగులో పది కాయలు. "పండగ అయింది" అంది. అమ్మ వాటిని ముక్కలు కోసి, ఉప్పూ కారం కలిపి ఆరిళ్లకూ పంపింది. ఉగాదికి తినాల్సిన వగరు ఆ రోజు తిన్నాం.

ఈ వ్యాసం అచ్చయ్యేలోపు మాలో ఇద్దరికి బదిలీ వచ్చేలా ఉంది. ఒకరు అస్సాం అంటున్నారు, ఒకరు రాజస్థాన్. అక్కడ ఏ చెట్లు ఉంటాయో మాకు తెలియదు. చెట్టు కనిపించగానే అడగాల్సిన ప్రశ్న మాత్రం తెలుసు.